రెండో అర్థం

“డెలిబరేట్లీ అంటే కావాలని అనేగా అమ్మా?” చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే అడిగారు మామగారు.

పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న కోడలు తలెత్తింది. బళ్ళో ఇంగ్లీషు చెప్పేది ఆమే. “అవును మామయ్యా. ఏమైంది?”

“చూశావా!” అంటూ ఆయన వెనక్కి తిరిగారు. మోకాలి ఆపరేషనైన అత్తగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వస్తోంది. “కాలికి వ్యాయామం చేయించే డాక్టరమ్మే అంది. మీ అత్తయ్య డెలిబరేట్లీ నడుస్తోందట! అంటే ఇన్నాళ్ళూ నాటకమన్నమాట. వీధి వీధంతా చూస్తుంటే చెయ్యి పట్టుకుని నడిపించాను, వెర్రివాడిలా!”

“నాకేమన్నా సరదానా?” అంది అత్తగారు ఆఖరి మెట్టెక్కుతూ. “రేపట్నుంచి మీరు రానక్కర్లేదు లెండి. పడితే పడతాను.”

“రాను గాక రాను!”

అత్తగారు కుర్చీలో కూలబడి కళ్ళొత్తుకుంది. కోడలికి మనసు చివుక్కుమంది. ఎర్ర పెన్ను పక్కన పెట్టేసింది.

“ఆవిడ సరిగ్గా ఏమన్నారు మామయ్యా?”

“షీ వాక్స్ వెరీ డెలిబరేట్లీ.”

“అయ్యో రామ! ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. వాడు గ్లాసు డెలిబరేట్లీ పగలగొట్టాడంటే కావాలని పగలగొట్టాడని. మనిషి డెలిబరేట్లీ నడుస్తోందంటే ఆచితూచి, నింపాదిగా, చూసుకుని అడుగేస్తోందని. ఆవిడ మెచ్చుకున్నారు మామయ్యా!”

మామగారి కోపం చప్పున చల్లారింది. “తిన్నగా చెప్పి చావొచ్చుగా. ఒకే మాటకి ఇన్ని వేషాలెందుకో!” అని గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళి, మంచినీళ్ళు తెచ్చి భార్య చేతికిచ్చారు.

“రేపు పార్కుదాకా వెళ్దాంలే” అన్నారు.

“మీ ఇష్టం” అంది అత్తగారు, గ్లాసులోకి చూస్తూ.

మర్నాడు సాయంత్రం బడినుంచి వచ్చిన కోడలు వంటింటి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. అత్తగారు ఎత్తుపీటెక్కి అటకమీది డబ్బా అందుకుని, కూనిరాగం తీస్తూ చెంగున కిందికి దిగింది.

“అత్తయ్యా!”

“ష్! మెల్లిగా!” అత్తగారు కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడిపోయింది. “మీ మామయ్యకి చెప్పకే తల్లీ. పెళ్ళైనప్పట్నుంచీ ఆయన వీధిలో నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.”

నవ్వాపుకుంటూ కోడలు ఇటు తిరిగింది. తలుపు పక్కన మామగారు! ఎప్పట్నుంచి నిలబడ్డారో ఏమో, వేలు పెదాలమీద పెట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి వెనక్కి నడిచి హాల్లోకి వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి, అప్పుడే ఇంట్లోకి వచ్చినట్టు గట్టిగా దగ్గారు.

“ఏమేవ్! నడకకి వేళైంది. ఒక్కదానివే లేవకు, నేనొచ్చి చెయ్యి పట్టుకుంటా!”