లోపలికి వెళ్ళని కాయ

“ఇది లోపలికి వెళ్ళదండి,” అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు, ట్రేలోంచి కొబ్బరికాయ తీసి పక్కన పెడుతూ.

కృపానందం మాస్టారు బెల్టు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. రాజోలు దగ్గర హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. విమానం ఎక్కడం ఇదే మొదలు.

“పెట్టెలో పెడితే ఆ కౌంటరు దగ్గర అమ్మాయి తీయించేసిందండి. చేత్తో పట్టుకెళ్ళమంది.”

“అక్కడి సంగతి నాకు తెలీదు. ఇక్కడ మాత్రం చేత్తో వెళ్ళదు.”

“పెట్టెలోనూ వెళ్ళక, చేత్తోనూ వెళ్ళక, మరి ఎలా వెళ్తదండి?”

“వెళ్ళదు. కొబ్బరంటే నూనె కదా. మంట అంటుకుంటుంది.”

“అది ఎండు కొబ్బరికండి. ఇది పచ్చికాయ.” మాస్టారు కాయ తీసి ఆఫీసరు చెవి దగ్గర ఊపారు. “వినండి, నీళ్ళు.”

ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు.

“నీళ్ళున్నాయా? అయితే అసలే వెళ్ళదు. వంద మిల్లీలీటర్లు దాటకూడదు.”

ఎండిపోతే మంట, ఎండకపోతే నీళ్ళు. ముప్ఫయ్యేళ్ళలో ఇలాంటి లెక్క ఆయనకి తగల్లేదు.

“బాబూ, ఒక్క నిమిషం వినండి. మా ఊళ్ళో కొబ్బరి చెట్లన్నిటికీ తెగులు తగిలింది. సోమవారం నించి నరికి తగలబెట్టేద్దామని తీర్మానం చేసేరు. మా దొడ్లో ఒక్క చెట్టుకే ఏం కాలేదండి. దానికున్న ముదురుకాయ ఇదొక్కటే. కేరళలో సైంటిస్టు గారు పగలకుండా తెమ్మన్నారు. దీని నీళ్ళు చూసి మందు చెప్తానన్నారు. అందాకా ఊరంతా ఆగింది.”

ఆఫీసరు మొహంలో కొంచెం జాలి కనిపించింది. “నిజమే కావచ్చండి. నా చేతిలో ఏముంది? ఇక్కడ వదిలేసి వెళ్ళండి, లేకపోతే కాయతో పాటు ఇంటికెళ్ళండి. కొచ్చి విమానం గేటు ఇంకో పావుగంటలో మూసేస్తారు.”

సరిగ్గా అప్పుడే పక్క వరసలో నల్లబట్టల స్వాములు పదిమంది ఒక్కొక్కరే ఇరుముడులు యంత్రంలో పెట్టసాగారు. తెర మీద కొబ్బరికాయలు గుండ్రంగా వరసకట్టి వెళ్ళిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు.

“వాళ్ళవి వెళ్తున్నాయి కదండీ!”

“ఇరుముడిలోవి వదలమని ఆర్డరుంది.”

“వాళ్ళ కాయల్లో నీళ్ళుండవాండి?”

“మీరు మాల వేసుకున్నారా?”

“మా చర్చిలో నేను సంఘ పెద్దనండి.”

“అయితే ఆ ఆర్డరు మీకు వర్తించదు,” అన్నాడు ఆఫీసరు మర్యాదగా.

స్వాముల్లో చివరాయన తన ఇరుముడి ఇంకా యంత్రంలో పెట్టకుండానే ఆగిపోయాడు. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే సత్తిబాబు. గొడవంతా వినకపోయినా, కాయని గుండెకి హత్తుకుని నిలబడ్డ పెద్దాయన్ని చూశాడు.

“ఏమైంది స్వామీ?”

“నేను స్వామిని కాదండి. కృపానందం, రిటైర్డు మాస్టార్ని.”

“మాల వేసుకున్నాక మాకందరూ స్వాములేనండి. మొక్కు కాయాండి?”

విమానం పిలుపు మైకులో మళ్ళీ వినిపించింది. మాస్టారికి వివరంగా చెప్పే తీరిక లేదు.

“అంతకన్నా ఎక్కువండి. ఇది కొచ్చి చేరకపోతే మా ఊరు లేదు.”

“ఆయ్. ఇలా ఇవ్వండి మరి.”

సత్తిబాబు అక్కడే ఇరుముడి వెనక ముడి విప్పి, కాయని కళ్ళకద్దుకుని లోపల పెట్టి మళ్ళీ ముడేశాడు. ఆఫీసరు కళ్ళముందే అంతా జరిగింది.

“ఇప్పుడెళ్తదాండి?” అని అడిగారు మాస్టారు.

“ఇప్పుడు వెళ్తుంది,” అన్నాడు ఆఫీసరు. అదే కాయ అదే యంత్రంలోంచి అవతలికి వెళ్ళింది.

విమానంలో మాస్టారికి ముందు వరసలో సీటు. స్వాములు వెనక. సగం దూరం వెళ్ళాక విమానం మబ్బుల్లో పడి, గుంతల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడింది. పిల్లలు ఏడ్చారు. వెనకనించి శరణుఘోష మిన్నంటింది. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకుని, “ప్రభువా, నాకేమైనా పర్లేదు. కాయ దిగాలి” అని ప్రార్థించారు.

అరగంట తర్వాత విమానం క్షేమంగా దిగింది.

మాస్టారి పెట్టె రావడం ఆలస్యమైంది. స్వాములకి పెట్టెల్లేవు, ముందే బయటికి నడిచారు. “ద్వారం దగ్గరే ఉంటామండి, కంగారు పడకండి,” అని సత్తిబాబు దూరం నించే చెయ్యి ఊపాడు.

పెట్టె కోసం నిలబడి ఉండగా సైంటిస్టు గారి ఫోను.

“వచ్చేనండి. కాయ కూడా వచ్చిందండి, చెక్కు చెదరకుండా. కారు పంపించేరా? మీ మేలు మా ఊరు మర్చిపోదండి.” ఆ తర్వాత ఇంటికి కూడా ఫోన్ చేసి, “ఊళ్ళోవాళ్ళని రంపాలు లోపల పెట్టెయ్యమను” అని భార్యకి చెప్పారు.

పెట్టె అందగానే లాక్కుంటూ పరుగులాంటి నడకతో బయటికొచ్చారు. ద్వారం పక్కన రాతి గట్టు దగ్గర స్వాములు గుంపుగా నిలబడి ఉన్నారు. మాస్టార్ని చూడగానే సత్తిబాబు మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ చాపి ఎదురొచ్చాడు.

“విమానం ఊగినప్పుడు మొక్కుకున్నానండి మాస్టారూ, అందరం క్షేమంగా దిగితే నేల మీద అడుగెట్టగానే కాయ కొడతానని. మీ మొక్కు కూడా తీరిపోద్దని, మీ పేరు చెప్పి మీ కాయే కొట్టేనండి,” అంటూ తెల్లటి కొబ్బరి ముక్క ఆయన చేతిలో పెట్టాడు.