రోగికి తోడుగా ఒక్కరు

“నువ్వెవరమ్మా?” అంది పెద్దావిడ, తల దువ్వించుకుంటూ.

“తోడున్నదాన్నేగా! కదలొద్దు, చిక్కు పడుతుంది.”

“నాకు ఆడపిల్లల్లేరే!”

పక్క మంచం దగ్గర సెలైను సీసా మారుస్తున్న పెద్ద నర్సు నవ్వింది. “రోజూ ఇదే పాట. మనసులో పెట్టుకోకమ్మాయ్. ఈ మతిమరుపు జబ్బు తీరే అంత. కన్నబిడ్డల్నే ముందు చెరిపేస్తుంది.”

“పెట్టుకోనండీ,” అంది ఆమె.

దువ్వెనలో చిక్కుకున్న తెల్లవెంట్రుకలు తీసి కాగితంలో చుట్టింది. చాప చుట్టి మంచం కిందికి తోసింది. వార్డు చివరి స్నానాల గదిలో తయారై, ఇస్త్రీ మడతలు నలగని బట్టలతో, మెడలో గుర్తింపు కార్డుతో మెట్లు దిగింది.

నగరం తాగే నీటిని పరీక్షించే ప్రయోగశాలలో ఆమె కొత్త కెమిస్టు. చదివిన చదువుకు సరిగ్గా తగిన ఉద్యోగం. ఉత్తర్వు చేతికందిన సంతోషం ఒక పూట నిలిచింది. మరుసటి పూట నుంచి ఇల్లు వెతకడం మొదలైంది.

జీతం మంచిదే. అద్దెలు దానికంటే మంచివి.

ప్రయోగశాల చుట్టుపక్కల ఏ గది అడిగినా జీతం గుమ్మంలోనే అయిపోయేది. దూరం పోతే బస్సులోనే కాపురం పెట్టాలి. ఒక ఇంటాయన మెట్ల కింద గది తలుపు తీసి, ఆమెను ఎగాదిగా చూసి, “పొట్టిదానివేగా తల్లీ, తల తగల్దులే,” అని భరోసా ఇచ్చాడు. ఆయన అడిగిన అద్దె విని, ఆమె ఆ తలుపు తనే మూసి వచ్చింది.

“ఇల్లు కుదరగానే చేరతాను. నెల గడువిప్పించండి,” అని పైఅధికారిని వేడుకుంది.

“నెలా? నీ వెనక వరస వీధి మలుపు దాకా ఉందమ్మా!”

ఆమె వెంటనే చేరింది. చేరిన వారంలోనే ఈ ఆసుపత్రి మెట్లెక్కింది.

పెద్దావిడ బస్టాపులో కూలబడితే దారినపోయేవాళ్లెవరో తెచ్చి చేర్చారట. కొన్నాళ్లు పలకరించిన దిక్కులేదు. ఒక సాయంత్రం ఆమె బట్టల సంచీతో వచ్చి మంచం పక్కన కూర్చుంది. పెద్ద నర్సు కళ్లు తుడుచుకుని, తోడున్నవాళ్లకిచ్చే పాసు తానే తెచ్చిచ్చింది. రోగికి తోడుగా ఒక్కరు ఉండవచ్చు, మంచం పక్కన చాప వేసుకోవచ్చు, వేడినీళ్లు పట్టుకోవచ్చు.

“ఎక్కడ దిగావమ్మా?” అని ప్రయోగశాలలో సీనియరు అడిగాడు.

“పెద్దాసుపత్రి దగ్గరండీ.”

“ఒక్కదానివేనా?”

“ఒక పెద్దావిడ ఉన్నారండీ.”

“అదృష్టవంతురాలివి. పెద్దదిక్కుండాలి.”

ఆమె గాజుగొట్టంలోని నీటిని వెలుతురుకెత్తి చూసింది. నీరు తేటగా ఉంది. సంతకం చేసింది. ఆ సంతకాన్ని నమ్మి నగరం నీళ్లు తాగింది.

సాయంత్రాలు పెద్దావిడకు గంజి తాగించేది. గోళ్లు తీసేది. పెద్దావిడ ఆ చేతిని వదిలేది కాదు. “నువ్వెవరో గానీ చెయ్యి చల్లగా ఉంటుందే,” అనేది.

ఒకనాడు డాక్టరు మంచం ముందు ఆగాడు. “మీ అమ్మగారు బాగా కోలుకున్నారు. ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చు.”

ఆమె ముఖం పాలిపోయింది. “ఒక్క వారం ఓపికపట్టండి డాక్టరుగారూ. ఇల్లింకా కుదర్లేదు.”

“వరండాలో రోగులు నేలమీద పడున్నారమ్మా. సరే, వారం. అంతే.”

ఆ వారమంతా ఆమె వీధులు కొలిచింది. “ఎంతమందుంటారు?” అని ఒక ఇంటావిడ అడిగితే, “ఇద్దరం,” అనేసింది. ఆ మాటకు తానే ఉలిక్కిపడింది. ఇద్దరికయినా ఒక్కరికయినా ఆ ఇంటి అద్దె ఒకటే. అదీ ఆమెకు అందనిదే.

గడువు తీరాక ఆసుపత్రివాళ్లే ఒక వృద్ధాశ్రమంతో మాట్లాడారు.

“ఇంత మంచి ఉద్యోగం పెట్టుకుని, కన్నతల్లిని ఆశ్రమానికా?” అంది పెద్ద నర్సు. నిన్నటిదాకా ‘అమ్మాయ్’ అన్న గొంతు అది కాదు. “పెట్టు, పెట్టు సంతకం.”

ఆమె నర్సు ముఖంలోకి చూడకుండా సంతకం పెట్టింది.

“ఆ మాత్రం సిగ్గుందిలే,” అని నర్సు పాసు లాక్కుంది.

చక్రాల కుర్చీ తలుపు దాటుతుండగా పెద్దావిడ వెనక్కి తిరిగింది. “నువ్వు రావా?”

“ఉద్యోగముందమ్మా.”

“మరి రాత్రికి ఎక్కడ పడుకుంటావే?”

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఇంకెవరూ అడగలేదు. జవాబు చెప్పేలోగా కుర్చీ మలుపు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ప్రయోగశాల నుంచి తిన్నగా మళ్లీ అదే ఆసుపత్రికి వచ్చింది. ఆడవాళ్ల వార్డు ముందు తల దించుకుని నడిచి, పై అంతస్తుకెక్కింది. మగవాళ్ల వార్డులో, చివరి మంచం మీద ఒక వృద్ధుడు స్పృహలేకుండా పడివున్నాడు. దగ్గర ఎవరూ లేరు. ఆమె సంచీ కింద పెట్టి, జారిపోయిన దుప్పటిని ఆయన భుజాల దాకా లాగింది.

“హమ్మయ్య, ఇన్నాళ్లకు ఒకరొచ్చారు!” అంటూ అక్కడి నర్సు ఎదురొచ్చింది. “ఏమవుతారమ్మా ఈయనకు?”

“కూతుర్నండీ,” అంది ఆమె, మంచానికి వేలాడుతున్న పలక మీద ఆయన పేరేమిటో చదువుకుంటూ.