బోలు ముఖం

"స్కిజోఫ్రెనియా ఉన్నంత మాత్రాన అన్నయ్య నీ పరిశోధనకి సరుకయ్యాడా అక్కా?" బట్టల వ్యాపారి అయిన తమ్ముడు ల్యాబులోకి దూసుకొచ్చాడు.

అక్క ఎదురుగా ఉన్న మాస్కు చూపించింది. "ముందు ఇది చెప్పు. ముక్కు ఎటుంది?"

"మనవైపే పొడుచుకొచ్చింది."

"కాదురా, అది మాస్కు లోపలివైపు. అంతా గుంట," అన్నాడు పక్కనే కుర్చీలో కూర్చున్న అన్నయ్య.

"మళ్ళీ మొదలెట్టాడు! ఇంట్లోనూ ఇంతే, లేనివన్నీ ఉన్నాయంటాడు," అన్నాడు తమ్ముడు.

"తాకి చూడు," అంది అక్క.

బట్ట తాకందే బేరమాడని వ్యాపారి వేలు పెట్టాడు. ముక్కు ఉండాల్సిన చోట వేలు లోపలికి దిగిపోయింది.

"మామూలు కళ్ళు ఇక్కడ మోసపోతాయి. ఆ జబ్బున్నవాళ్ళలో చాలామంది మోసపోరు. ఇన్నేళ్ళుగా నేను పరిశోధిస్తున్నది ఇదే."

అతని కోపం ఎటు పోవాలో తెలియక ఆగింది. "అయితే ఇంట్లో అన్నయ్య చెప్పినవన్నీ నిజాలేనా?"

"అన్నీ కాదు." ఈసారి అక్క గొంతు పెరిగింది. "ఏది నిజమో ఒక్కసారైనా వెళ్ళి చూశామా మనం?"