మొదటి చేప

చెరువు గేటు దగ్గరి బోర్డు మీద, చేపల కోపం పదికి ఎంతో రోజూ రాస్తారు. ఆ ఆదివారం తొమ్మిది. సరదాగా గాలం వేసేవాళ్లతో కొట్లాడటానికే ల్యాబులో పుట్టించిన చేపలవి. గాలానికి పడి బతికిపోతే మనిషి మీద పగబడతాయి. అందుకే ఒడ్డునే చంపాలి. ఆ పని బెస్త సైలుది. అయినా అతను, వాళ్ల నాయన చేసినట్టే, రోజూ మొదటి చేపను గంగమ్మ పేరు చెప్పి వదిలేసేవాడు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఫణీంద్ర మోకాలిలోతు నీళ్లలో నిలబడి గాలం విసిరాడు. చేపలు గుంపుగా వచ్చి అతని పిక్క కండ పీకేశాయి. సైలు దుడ్డుకర్రతో వాటిని బాదుతూ అతన్ని ఒడ్డుకు లాగాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. చచ్చిన ప్రతి చేప మూతికీ పాత గాలం గాటు ఉంది.

"నాదే తప్పు సారూ. ఇవన్నీ నేను ఇడిసినయే," అన్నాడు సైలు, పరుగున వచ్చిన చెరువు మేనేజరుతో.

మేనేజరు గేటు వైపు చూశాడు. జనం వీడియోలు తీస్తూ టికెట్ల కోసం తోసుకుంటున్నారు. ఆయన బోర్డు మీద తొమ్మిది చెరిపి పది రాశాడు.

"రేపటి సంది రోజుకు పది ఇడువు."

మర్నాడు మొదటి చేప పడగానే సైలు గంగమ్మకు దండం పెట్టి, దాని తల పగలగొట్టాడు.