లక్షణమైన కోడలు

“అప్పుడే చంపెయ్యకు వదినా! అంత తొందరైతే ఎలా?”

జాలీ తలుపుకి అవతల, లోపలి మెట్ల మీద కూర్చున్న మరిది తల పట్టుకున్నాడు. ఇవతల, మేడమీది గదిలో, ఆమె ఫోన్‌లో ఎర్రచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఆమె పెంచిన రోగం ఊరి పొలిమేర దాటకుండానే అంతరించింది.

“జనం పోయారుగా. గెలిచినట్టు కాదా?”

“సోకినవాళ్ళంతా పోతే, మిగతావాళ్ళకి అంటించేదెవరు? మొదట్లో ఒక్క లక్షణం కూడా పైకి కనపడకూడదు. తుమ్మినా ఎక్కువే. లోకమంతా పాకాక అప్పుడు కోరలు బయటపెట్టాలి.”

మరిదిది గేములు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ఈ కొత్త గేములో ఆడేవాళ్ళే రోగం. భూమ్మీద ఒక్కరినీ మిగల్చకపోతే గెలుపు. వదిన పెద్దాసుపత్రిలో అంటురోగాల వార్డు నర్సు కాబట్టి, గేము నిజానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పమని బతిమాలి ఆడిస్తున్నాడు.

“ఇదొక అబద్ధం” అందామె. “నువ్విక్కడ మీట నొక్కగానే, రోగులందరికీ ఒకేసారి దగ్గు ఎలా వస్తుంది?”

“గేము కదా, ఆ మాత్రం ఉండాలి.”

“ఇంకోటి. ఇందులో మనుషులెవరూ అబద్ధమాడరు. నిజంలో జ్వరమొచ్చినవాడు మాత్ర మింగి పెళ్ళికి పోతాడు.”

“అబ్బ! ఇది పెట్టాల్సిందే. నువ్వు బంగారం వదినా.”

ఊళ్ళో నిజం జబ్బు మొదలైన వారానికే ఆ బంగారాన్ని అత్తగారు మేడెక్కించారు. రాకపోకలు బయటి మెట్ల మీంచి. లోపలి మెట్లకి జాలీ తలుపు, దానికి కిందివాళ్ళ వైపు తాళం. కంచం గడప దగ్గర పెట్టి గంట కొట్టేవారు. ఒకే కప్పు కింద ఉండి కూడా, భర్త ఫోన్ చేసి “అక్కడ వాన పడుతోందా?” అని అడిగేవాడు. ఆమె నవ్వేసేది.

ఆమె తల్లి విషయంలో మాత్రం నవ్వలేకపోయింది. ఆవిడకీ ఆ జబ్బే సోకింది, తగ్గింది. మంచాలు చాలక ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. నిలబడితే తూలిపోయేంత నీరసం.

“నా గదిలోనే ఉంచుకుంటాను అత్తయ్యా. కిందికి దిగనివ్వను. పరీక్షలో ఏమీ లేదని కూడా వచ్చింది.”

“ఇది కొంపా, ఆసుపత్రి వసారానా?” అంది అత్తగారు. మామగారు పేపరు తిప్పారు. భర్త మీటింగులో ఉన్నానన్నాడు. అత్తగారు చెప్పిందని వీధి గేటుకి తాళం వేసింది మరిదే. తెలుసున్నవాళ్ళ కారులో గేటుదాకా వచ్చిన ఆవిడ, అదే కారులో ఒంటిగా తన ఇంటికి వెళ్ళిపోయింది. కూతురికి వార్డులో సెలవు దొరకలేదు. దొరికేసరికి, మంచినీళ్ళు ముట్టించే దిక్కు లేక ఆవిడ పోయింది.

కర్మకాండలు ముగించుకుని వచ్చాక ఆమె పన్నెత్తి ఒక్క మాట అనలేదు. “ఇంకొకతి అయితే ఇల్లు పీకి పందిరేసేది. లక్షణమైన పిల్ల” అని అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లో చెప్పుకుంది.

“ఈ ద్వీపం ఒక్కటీ లొంగట్లేదు” అందామె ఒక సాయంత్రం. “రేవు మూసేసుకున్నారు.”

“దాంతోనే అందరూ ఓడిపోతారు. అక్కడ ఓపిక పట్టాలి వదినా. వాళ్ళకే ఏదో అవసరం పడి ఓడని రానిస్తారు.”

“గేములోనా, నిజంలోనా?”

“ఎక్కడైనా అంతే” అని నవ్వాడు మరిది.

తర్వాత కొద్దిరోజులకే అత్తగారు స్నానాలగదిలో జారిపడింది. నడుము పట్టేసి మంచం దిగలేకపోయింది. వంటమనిషి అప్పటికే రావడం మానేసింది. ముగ్గురు మగవాళ్ళు ఉన్నా స్టవ్వు వెలిగించే నాథుడు లేడు. చివరికి భర్తే జాలీ తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు.

“కిందికి రా. అమ్మని లేవదీసేవాళ్ళు లేరు. బ్రెడ్డు తినలేక చస్తున్నాం.”

“నేను వార్డులో తిరిగే మనిషిని.”

“సెలవు పెట్టెయ్. మనలో మనకి ఏమిటి?”

మరిది తాళం తీశాడు. మామగారు ఆమె నుదుటి దగ్గర జ్వరం చూసే యంత్రం పెట్టి, అంకె చూసి తల ఊపారు.

“దగ్గూ ఆయాసం లాంటివేం లేవు కదమ్మా?” మంచం మీంచే అడిగింది అత్తగారు.

“లక్షణంగా ఉన్నాను అత్తయ్యా.”

“అయితే ఇంట్లో ఆ మాస్కెందుకే? నీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో!”

ఆమె మాస్కు తీసేసింది. అత్తగారి చంకల కింద చేతులు వేసి, గుండెకి ఆనించుకుని లేవదీసింది. ఒళ్ళు తుడిచింది. అన్నం కలిపి ముద్దలు పెట్టింది. రాత్రి భోజనానికి అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. మామగారు మారు వడ్డించుకుని, “ఇల్లు ఇల్లులా ఉంది” అన్నారు. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, “మీ అమ్మ విషయం మనసులో పెట్టుకోకు తల్లీ” అని కళ్ళు ఒత్తుకుంది.

“అలాంటివి ఏం లేవు అత్తయ్యా” అని ఆ చేతిని బుగ్గకి ఆనించుకుంది ఆమె.

మర్నాడు పొద్దున వంటింట్లో పాలు పొంగి, గిన్నె అడుగంటి, నల్లగా మాడిపోయాయి. అత్తగారు మంచం మీంచి కేకేసింది. భర్త గదిలోంచి “ఏమిటా కంపు?” అని అరిచాడు. మరిది పరుగున వచ్చి స్టవ్వు ఆపాడు. పక్కనే, స్టవ్వుకి వీపు పెట్టి, ఆమె నింపాదిగా కూరలు తరుగుతోంది.

“ధ్యాసెక్కడుంది వదినా? వీధి చివరికి కొడుతోంది మాడు!”

“అయ్యో, చూసుకోలేదు” అని ఆమె నవ్వింది.

ఆమెకి మొన్నటి నుంచే ఏ వాసనా తెలియడం లేదు.