పైకొచ్చిన పేజీ

ఇనుప కడ్డీ రెండో దెబ్బకు కంప్యూటర్ తెర పగిలింది. మూడో దెబ్బ నియాజ్ చేతి మీద పడింది. అతను అరవలేదు. మణికట్టు పట్టుకుని కింద కూలబడ్డాడు.

"ఆ పేజీ తీసెయ్యి," అన్నాడు సుందరరాజు.

తిరుపతి బస్టాండు ఎదుట, మేడ మీద, వెబ్‌సైట్లు తయారుచేసే కొట్టు అది. కోమలిది. నియాజ్ ఆమె దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. సుందరరాజుకు తిరుచానూరులో లాడ్జి ఉంది. ఆ లాడ్జి సైటు చేసిచ్చింది వీళ్లే.

కోమలి కుర్చీలోంచి లేవలేదు.

"అది మేం పెట్టింది కాదన్నా. తీసేది మా చేతిలో లేదు. నువ్వు ఇంగా పది కొట్టినా అది పోదు."

"నెట్‌లో నా లాడ్జి పేరు కొట్టి ఎతికితే నా సైటు రావాల్సింది పోయి, ముందర అదెట్ల వస్తాది?"

"బాగా రాసినారు కాబట్టి వస్తాది."

ఆ పేజీ రాసింది దేవకమ్మ. 'నా బిడ్డ మునికృష్ణను ఏం చేశావు సుందరరాజూ?' అని మొదలవుతుంది. నాలుగేళ్ల కిందట లాడ్జిలో పనికి చేరిన ఇరవయ్యో రోజు నా బిడ్డ మాయమైపోయాడు అంటుంది. ఎడమ భుజం మీద పడిన కత్తి వేటు, తెల్లచొక్కా, వెనక మెట్ల మీద కారిన నెత్తురు, అన్నీ అందులో ఉన్నాయి. మొదలుపెట్టినవాళ్లు చివరిదాకా చదువుతారు. చదివి ఇంకొకరికి పంపుతారు.

ఆ పేజీ చదివినవాళ్లు నిన్న లాడ్జి మీద రాళ్లు వేశారు. సుందరరాజు భార్య నాగులమ్మ తలకు ఎనిమిది కుట్లు వేశారు.

"మళ్లా వస్తే నిప్పు పెడతామని సెప్పిపోయినారు," అన్నాడు సుందరరాజు. "ఏదో ఒకటి సెయ్యి."

"నీ సైటులో ఏముండాది? మంచి లాడ్జి, గొప్ప లాడ్జి అని నలభై తూర్లు రాపించినావు. వద్దంటే ఇన్యావా? దాన్ని ఎవురు సదువుతారు? దేవకమ్మ రాసిన దాంట్లో నెత్తురుండాది."

"అయితే?"

"దాన్ని మించింది ఇంగొకటి రాయాల. యాడా దొరకని సంగతి ఉండాల. కండ్లతో సూసినోడు సెప్పాల. కింద నీ పేరు, నీ ఫోటో పెట్టాల. అప్పుడే అది పైకొస్తాది, ఆ పేజీ కిందికి పోతాది."

నియాజ్ నేల మీద నుంచే అడిగాడు.

"నిజం సెప్పన్నా. నరికింది నువ్వేనా?"

సుందరరాజు కడ్డీ ఎత్తి అతని మీదికి ఒక అడుగు వేశాడు. ఆగిపోయాడు. కడ్డీని బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వాడు బతికే ఉండాడు," అన్నాడు.



"ఎవురో తరుముకోని వచ్చి నరికినారు. మెట్ల మీద పడుంటే లోపలికి ఈడ్చి తలుపేసినా. ఒకడు సందులో చెయ్యి పెట్టినాడు. తలుపుతోనే నొక్కినా. వేళ్లు రెండు లోపలే రాలిపోయినాయి. తెల్లారి జీపులో పండబెట్టి వాణ్ణి ఊరు దాటించినా. ఎవురికీ సెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. పెండ్లానికి కూడా సెప్పలా నేను."

"వాళ్లమ్మకన్నా సెప్పుండచ్చు గదా."

"ఇరవై దినాలు పని సేసినోడు. ఇంటికాడ ఎవురెవురుండారో నేనేం అడిగితి."

"నాలుగేండ్లన్నా. ఆ తల్లి ఏడస్తానే ఉండాది. ఈడ నీ పెండ్లాం తల పగిలింది. ఇంగా ఎవురి కోసం ఆ ఒట్టు?"



"ఊరి పేరు రాయొద్దు," అన్నాడు సుందరరాజు చివరికి.

"రాయను. ఏం పని సేస్తాడు, ఎట్లుండాడు, అది సెప్పు. బాగుండాడని ఊరికే అంటే ఎవురూ నమ్మరు."

అతను చెప్పాడు. ఏడాదికొకసారి ఊరగాయకు కాయలు తెచ్చే నెపంతో పోయి చూసొస్తాడు. నిమ్మకాయల మండీలో పని. ఎడమ చెయ్యి పైకి లేవదు. మూటలన్నీ కుడి భుజం మీదే మోస్తాడు. కళ్లు మూసుకుని, చేత్తో తడిమి కాయను ఏరుతాడు. రైలు పోయినప్పుడల్లా పని ఆపి తలుపుకేసి చూస్తాడు.

కోమలి టైపు చేసింది. నియాజ్ వాచిన మణికట్టు ఒళ్లో పెట్టుకుని చదివాడు.

"తలుపు సందులో నలిగిన ఆ చెయ్యి సంగతి మొదట్లోనే పెట్టక్కా. ఆడ పట్టుకుంటే ఇంగ వదలరు."

పదో రోజుకు ఆ పేజీ పైకొచ్చింది. దేవకమ్మ పేజీ దాని కిందికి దిగింది. రాళ్లు వేసినవాళ్లలో ఇద్దరు వచ్చి నాగులమ్మ కాళ్లు పట్టుకున్నారు. ఆమె ఒకడి చెంప పగలగొట్టి, తర్వాత ఇద్దరికీ కాఫీ ఇచ్చింది.

ఆ పొద్దున సుందరరాజు కొత్త కంప్యూటర్ మోసుకుని కొట్టుకు వచ్చాడు. కట్టు కట్టిన చేతిని నియాజ్ పైకెత్తి చూపించాడు.

"దీనికి బదులు ఏం తెచ్చినావన్నా?"

"నా చెయ్యి ఇస్తా, విరగ్గొట్టు."

కోమలి నవ్వింది. "ఈడ సూడన్నా. మన పేజీ కింద దేవకమ్మ కామెంటు రాసింది." పైకి చదివింది. "'నిమ్మకాయల మండీ, పక్కనే రైలు అంటే గూడూరే గదా. నా బిడ్డ కోసం బయల్దేరినా. నీకు పుణ్యముంటాది సుందరరాజూ.'"

సుందరరాజు కళ్లు తుడుచుకున్నాడు.

"తల్లి గదమ్మా. ఊరి పేరు లేకపోయినా కనిపెట్టేసింది."

నాలుగేళ్లలో మొదటిసారి అతను మండీకి ఫోన్ చేసి మునికృష్ణను పిలిపించాడు. ముగ్గురికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"మునికృష్ణా, నేనురా. ఆడనే ఉండు, యాడికీ పోవద్దు. మీయమ్మ వస్తాండాది."

అటునుంచి కారు వచ్చి ఆగిన చప్పుడు వినపడింది. వరసగా కారు తలుపులు పడ్డాయి.

"వచ్చేసినట్టుండాదిరా," అన్నాడు సుందరరాజు.

"అన్నా, మాయమ్మ నన్ను కన్నపొద్దే సచ్చిపోయింది."