కొసరుకు కారణం

జనం ఓట్లేసి, మన దేశం తీర దేశాల వ్యాపార ఒప్పందమైన సాగర కూటమిని వదిలేసిన ఎనిమిదేళ్లకు మళ్లీ సయోధ్య కుదిరింది. కాకినాడ రొయ్యల షెడ్డులో మంగతాయారు శ్రీలంకకు వెళ్లే మొదటి పెట్టె నింపుతోంది. ఎదురుగా తెర మీద, అక్కడి రేవులో సరుకు దించుకునే పాత పరిచయస్తురాలు నిల్మిని కనిపించింది. చెవిలోని యంత్రం ఆమె సింహళాన్ని తెలుగు చేస్తోంది.

"బాగున్నావా అక్కా? మీరు వెళ్లిపోయాక మా రేవు మూతపడింది. ఇన్నాళ్లూ ఇళ్లలో అంట్లు తోమాను. నువ్వు మాత్రం వెళ్లిపోదామని ఓటేసి ఉండవు, నాకు తెలుసు."

మంగతాయారు తల వంచుకుని పెట్టెలో ఒక గుప్పెడు రొయ్యలు కొసరు వేసింది. చాలదనిపించి ఇంకో రెండు గుప్పెళ్లు వేసింది.

తూకం యంత్రం పెట్టెను ఆపేసింది. "బరువు ఎక్కువైంది. కారణం చెప్పండి."

"కొసరండీ."

"ఆ కారణం జాబితాలో లేదు. మరొకటి చెప్పండి."

వెనక పెట్టెలన్నీ నిలిచిపోయాయి. నిల్మిని ఇంకా నవ్వుతూనే ఉంది.

"అప్పట్లో మీ రొయ్యలొత్తే మా షెడ్డు మూసేత్తారన్నారమ్మా," అంది మంగతాయారు. "నేనూ ఎళ్లిపోదామనే ఓటేసేను."

తెర మీద నవ్వు ఆగిపోయింది.

"కారణం నమోదైంది," అంటూ యంత్రం పెట్టెను వదిలేసింది.